మందు మాన్పించడానికి ఎక్కడికి తీసుకుపోవాలి: అనంతపురం, కర్నూలు, కడప వాళ్లకు ఒక అక్క చెప్పే లెక్క

మా తమ్ముడు రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో టైలరు. పొద్దున మిషన్ ముందు కూర్చున్నాక సూదిలోకి దారం ఎక్కించడానికి పక్క మిషన్ పిల్లోడిని పిలిచేవాడు. కళ్లు బాగానే కనిపిస్తాయి, చేతులే నిలవవు. పదకొండుకు టీ తాగొస్తానని బయటికి పోయి ఒక నైంటీ వేసుకొచ్చేవాడు. ఆ తర్వాత అవే చేతులు సాయంత్రం దాకా తప్పు లేకుండా కుట్టేవి. ఇంట్లో మేమంతా 'సాయంత్రం పూట తాగుతాడు' అనే అనుకుంటూ ఉన్నాం. అసలు సంగతి పొద్దున పూటే ఉందని అర్థమయ్యేసరికి ఆరేళ్లు పోయాయి.

తర్వాత ఏడాది పాటు మేము తొక్కని గడప లేదు. గుడి, నాటుమందు, డబ్బు కట్టే రిహాబ్, చివరికి అనంతపురం పెద్దాసుపత్రి. ఇప్పుడు తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు నాకు ఫోన్ చేసి "అక్కా, ఏ సెంటరు మంచిది?" అని అడుగుతున్నారు. ఒక్క పేరు చెప్పేస్తే సరిపోతుందనుకుంటారు. నేను మాత్రం ముందు ఇంకో ప్రశ్న అడుగుతాను.

ఆఖరుసారి మానినప్పుడు ఏమైంది?

దీనికి జవాబు తెలియకుండా ఎక్కడికీ తీసుకుపోవద్దు. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే, ఆపిన ఆరు గంటల నుంచి చేతులు వణకడం, చెమటలు, గుండె దడ, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. కొందరికి రెండు రోజుల లోపల ఫిట్స్ వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో ఇంకొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, చనిపోయిన నాయన వచ్చి పిలుస్తున్నాడంటారు, మంచం దిగి పరుగెత్తుతారు. చుట్టుపక్కల వాళ్లు గాలి సోకిందని, దెయ్యం పట్టిందని అంటారు. డాక్టర్లు దాన్ని డెలీరియం అంటారు. సరైన వైద్యం అందకపోతే ప్రాణమే పోతుంది.

కాబట్టి ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చినా, మతి తప్పినా, పొద్దున లేవగానే తాగితే తప్ప చేయి నిలవకపోయినా ఆ మనిషికి మొదటి వారం పడకలున్న ఆసుపత్రే. వేరే దారి ఆలోచించొద్దు. షుగరు, బీపీ, కామెర్లు ఉన్నవాళ్లకూ ఇదే మాట. వారానికి ఒకటి రెండుసార్లు తాగి, మధ్యలో నాలుగైదు రోజులు ఏ ఇబ్బందీ లేకుండా ఉండగలిగే వాళ్లయితే ఓపీలో చూపించుకుని ఇంటి దగ్గరే మందులు వాడొచ్చు. ఈ రెండు రకాల మనుషులకూ ఒకే సెంటరు చెప్పేవాళ్ల మాట వినకండి.

కల్లు సంగతి వేరే చెప్పాలి. తుంగభద్ర అవతల పాలమూరు వైపు పనికి పోయి, మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటు పడి వచ్చేవాళ్లు ఉంటారు. 'కల్లే కదా' అనుకుని ఆపేస్తే అందులో కలిపిన మందు ఒంట్లో లేకపోవడం వల్లే ఫిట్స్ వస్తాయి. డాక్టరుకు ఏ ఊళ్లో, ఎన్నేళ్లు తాగాడో కూడా చెప్పండి.

ఇంకొకటి. వణుకు మొదలవగానే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తాడు. ఏళ్ల తరబడి తాగి, తిండి సరిగా తినని వాళ్ల ఒంట్లో బి1 విటమిన్ బాగా పడిపోయి ఉంటుంది. దాన్ని ముందు ఇవ్వకుండా ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆసుపత్రిలో మొదట థయామిన్ (ఆ బి1 విటమినే) ఇంజెక్షన్ ఎందుకు ఇస్తారో మా తమ్ముడి మంచం పక్కన నర్సు చెప్పేదాకా నాకూ తెలియదు. అప్పటికి మేము ఇంటి దగ్గర రెండుసార్లు బాటిల్ పెట్టించాం.

పెద్దాసుపత్రి

కర్నూలు సర్వజన వైద్యశాల, అనంతపురం పెద్దాసుపత్రి, కడప రిమ్స్. మూడూ మెడికల్ కాలేజీలకు అనుబంధంగా ఉన్నవే, మూడింట్లోనూ మానసిక వైద్య విభాగం ఉంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. 'పిచ్చి డాక్టరు దగ్గరికా?' అంటారు. మా తమ్ముడు కూడా అదే అన్నాడు. నేను "నీ చేతులు చూపిద్దాం పద" అన్నాను. చేతుల మాట ఎత్తేసరికి వచ్చాడు.

మొదటి వారానికి ఈ మూడింటి కంటే మంచి చోటు మన జిల్లాల్లో నాకు తోచదు. కారణం ఒక్కటే. అర్ధరాత్రి ఫిట్స్ వస్తే కింద మెడిసిన్ వార్డు ఉంది, ఐసీయూ ఉంది, లివరు చూసే డాక్టరు ఉన్నాడు, రక్తపరీక్షలు అక్కడే అవుతాయి. వణుకు తగ్గించే మాత్రలు మొదట ఎక్కువ మోతాదులో ఇచ్చి, రోజురోజుకీ తగ్గించుకుంటూ వారం పది రోజుల్లో ఆపేస్తారు. దీన్నే డిటాక్స్ అంటారు. పైసా ఖర్చు లేదు.

లోట్లు కూడా చెప్తాను. పక్కన అటెండరు ఉండి తీరాలి, అదీ ఇరవై నాలుగు గంటలూ. కూలికి పోయే ఇంట్లో ఇది చిన్న సంగతి కాదు. మా మరదలు నాలుగు రోజులు, నేను మూడు రోజులు వంతులేసుకున్నాం. ఓపీ రోజున రద్దీ ఉంటుంది, డాక్టరు మనకోసం అరగంట కూర్చోలేడు. మనసు విప్పి మాట్లాడించే పని అక్కడ తక్కువ. ఒళ్లు కుదుటపడగానే ఇంటికి పంపిస్తారు. ఇంటికి వచ్చినవాడికి వణుకు ఉండదు, ఆకలి వేస్తుంది, మొహంలో కళ వస్తుంది. అందరూ 'మానేశాడు' అనుకుంటారు. అప్పటికి అయ్యింది పది రోజుల పని. మిగతా మూడొందల యాభై అయిదు రోజుల పని ఇంకా మొదలే కాలేదు.

నేను చెప్పదలుచుకున్న లెక్క ఇదే. 'ఇరవై ఒక్క రోజుల కోర్సు', 'తొంభై రోజుల ప్యాకేజీ' అనే మాటలు చెవిలో పడితే, ఆ తర్వాత ఏడాదిలో మిగిలిన రోజులు ఎవరు చూస్తారని అడగండి. రెండు వారాలకోసారి మనిషిని తీసుకుని పోయి రాగలిగే దూరంలో ఉన్న మామూలు ఓపీ, ఒక్కసారే పోయి రాగలిగే గొప్ప ఆసుపత్రి కంటే మేలు. బస్సు టైమింగులు చూసి డాక్టరును ఎంచుకోమంటే నవ్వుతారు గానీ, ఏడాది గడిచాక చూస్తే నిలబడింది ఆ లెక్కే.

కేంద్రం గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపే సెంటర్లు

కేంద్ర సామాజిక న్యాయ శాఖ డబ్బిస్తే స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలు కొన్ని ఉన్నాయి. ఆఫీసు కాగితాల్లో వాటిని 'ఐఆర్‌సీఏ' అంటారు. పదిహేను పడకలో, ముప్పై పడకలో ఉంటాయి. భోజనం, పడక, కౌన్సెలింగు అన్నీ ఉచితం. పెద్దాసుపత్రిలో లేనిది ఇక్కడ ఉంటుంది. పొద్దున ప్రార్థన, యోగా, గుంపుగా కూర్చుని మాట్లాడుకోవడం, ఇంటివాళ్లను పిలిచి వేరేగా చెప్పడం. తాగుడు మానిన వాళ్లే అక్కడ పని చేస్తూ కనిపిస్తారు. తాగేవాడికి డాక్టరు మాట కంటే అలాంటి వాడి మాట తొందరగా ఎక్కుతుంది.

ఇక్కడ డాక్టరు రోజంతా ఉండడు. కాబట్టి ఫిట్స్ చరిత్ర ఉన్నవాణ్ని నేరుగా ఇక్కడికి తేకుండా, ముందు ఆసుపత్రిలో డిటాక్స్ చేయించి, డిశ్చార్జి చీటీతో తీసుకురండి. ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి చేయించడమే నా మట్టుకు అన్నిటికంటే గట్టి దారి. మన జిల్లాలో ఎక్కడ ఉంది, పడక ఖాళీ ఉందా అనేది 14446కి ఫోన్ చేసి అడగండి. అది కేంద్ర ప్రభుత్వ ఉచిత నంబరు. గ్రాంటు వచ్చే సెంటర్ల జాబితా ఏటా మారుతూ ఉంటుంది కాబట్టి నేను పేరు చెప్పడం కంటే వాళ్లను అడగడమే మంచిది.

డబ్బు కట్టే రిహాబ్‌లు

మేము మోసపోయింది ఇక్కడే కాబట్టి దీని గురించి ఎక్కువ రాస్తాను.

ఫోన్లో చాలా తీయగా మాట్లాడారు. "మీరేమీ చేయొద్దు మేడం, వ్యాను పంపిస్తాం, మనుషులు వచ్చి తీసుకుపోతారు" అన్నారు. నెలకు 18,000, మూడు నెలలు ముందే కట్టాలి. మా అమ్మ గాజులు పెట్టి తెచ్చింది. తెల్లవారుజామున నలుగురు వచ్చి నిద్రలో ఉన్నవాణ్ని లేపి, చేతులు వెనక్కి పట్టుకుని ఎక్కించారు. మా మరదలు గడప దగ్గర నిలబడి "వదినా, మనం తప్పు చేస్తున్నామా?" అని అడిగింది. నేనేమీ చెప్పలేదు.

నెలన్నర ఫోన్లో మాట్లాడనివ్వలేదు. పట్టుబట్టి పోతే గుండు గీయించి ఉన్నాడు. గదికి పద్నాలుగు మంది. వంట, గిన్నెలు, బాత్‌రూములు అన్నీ రోగులతోనే. డాక్టరు ఎవరని అడిగితే, వారానికోసారి వస్తారన్నారు. అక్కడి వాళ్లను అడిగితే ఒక్కసారీ చూడలేదన్నారు. తీసుకొచ్చేశాం. ఇంటికి వచ్చిన మూడో రోజు తాగాడు, ఈసారి మా మీద కోపంతో.

అప్పుడు తెలియని చట్టం ఇప్పుడు తెలుసు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా ఉన్నాయి. అంటే ఇలాంటి వాళ్లను ఉంచుకుని వైద్యం చేసే చోటుకు ఆ చట్టం కింద రిజిస్ట్రేషను ఉండాలి. గొలుసులతో కట్టకూడదు. బలవంతంగా గుండు గీయకూడదు. బలవంతంగా పని చేయించకూడదు. తనంతట తాను చేరినవాడు పోతానంటే మామూలుగా పంపించాల్సిందే. ఒప్పుకోని మనిషిని చేర్చుకోవాలన్నా పద్ధతి ఉంది: అతని తరఫు ప్రతినిధి దరఖాస్తు పెట్టాలి, సైకియాట్రిస్టుతో కలిపి ఇద్దరు వేర్వేరుగా పరీక్షించాలి, అదీ మొదట ముప్పై రోజులకు మించకూడదు. నలుగురు మనుషులు, ఒక వ్యాను అనే పద్ధతి అందులో ఎక్కడా లేదు.

అన్ని ప్రైవేటు సెంటర్లూ ఇలాంటివేనని కాదు. సైకియాట్రిస్టు సొంతంగా నడిపే చిన్న నర్సింగ్ హోములు మన టౌన్లలో ఉన్నాయి. గౌరవంగా చూస్తారు, మనిషిని దాచిపెట్టరు. డబ్బు ఉండి, పెద్దాసుపత్రి రద్దీ భరించలేని వాళ్లకు అవి సరిపోతాయి. తేడా కనిపెట్టడానికి నేను అడిగేవి ఇవి: రిజిస్ట్రేషను కాగితం గోడ మీద ఉందా, రాత్రి పూట డ్యూటీ డాక్టరు ఎవరు, లోపలికి పోయి వార్డు చూడొచ్చా, వారంలో ఎన్నిసార్లు ఫోన్లో మాట్లాడనిస్తారు, డిశ్చార్జి అయ్యాక ఎన్ని నెలలు ఓపీకి రమ్మంటారు. 'లోపలికి రాకూడదండీ, ట్రీట్‌మెంట్ డిస్టర్బ్ అవుతుంది' అన్నచోట గేటు నుంచే వెనక్కి తిరగండి. 'నూటికి నూరు శాతం గ్యారంటీ' అన్నచోట గేటు దాకా కూడా పోవద్దు.

బెంగళూరు నిమ్హాన్స్

బెంగళూరులోని ఈ పెద్ద మానసిక వైద్య ఆసుపత్రి అనంతపురం, హిందూపురం వైపు వాళ్లకు ఒక ఆశ. అక్కడ వ్యసనాలకు వేరే విభాగమే ఉంది, చదువుకున్న మనుషులు, మంచి పేరు. తాగుడుతో పాటు ఆత్మహత్య ఆలోచనలు, అనుమానపు జబ్బు, మతిమరుపు లాంటివి కలిసి ఉంటే, లేదా ఇక్కడ రెండుమూడు సార్లు వైద్యం అయినా నిలవకపోతే తప్పకుండా పోండి. అయితే ఆత్మహత్య మాట ఎత్తినవాణ్ని ఇంట్లో పెట్టుకుని బెంగళూరు ప్రయాణం కోసం ఎదురుచూడొద్దు. ఆ రోజే దగ్గరున్న పెద్దాసుపత్రిలో చూపించండి. నిమ్హాన్స్ నుంచి మందుల చీటీ తెచ్చుకుని, తర్వాత నెలనెలా చూపించుకోవడం అనంతపురంలో పెట్టుకోమని నా సలహా. కర్నూలు వాళ్లు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి గురించి కూడా ఇలాగే ఆలోచించొచ్చు. మొదటిసారి వైద్యం చేయించుకునే వాళ్లకు అంత దూరం పోవాల్సిన పని లేదు.

ఉంతకల్లు మాల

బొమ్మనహాళ్ మండలం ఉంతకల్లులో పాండురంగస్వామి గుడి ఉంది. మాల వేసుకుంటే మందు మానతారని నమ్మకం. ఏకాదశి రోజున ఎక్కడెక్కడి నుంచో, కర్ణాటక నుంచి కూడా జనం వస్తారు. చదువుకున్న వాళ్లు దీన్ని తీసిపారేస్తారు. నేను తీసిపారేయను. ఎందుకంటే అక్కడ నలుగురిలో నిలబడి 'నేను తాగుబోతునే, మానాలనుకుంటున్నా' అని ఒప్పుకునే ధైర్యం దొరుకుతుంది. మాల మెడలో ఉంటే స్నేహితులు గ్లాసు చేతికివ్వరు. ఏ కౌన్సిలరూ అంత తొందరగా చేయలేని పని అది. అయ్యప్ప మాల నలభై ఒక్క రోజులు ఉన్న మనిషి, తీసిన రాత్రే తాగడం కూడా చూశాం కదా. మాల తీశాక కూడా మానిన మాట నిలవాలంటే మళ్లీ మళ్లీ పోతుండాలి. ఆసుపత్రి ఓపీ లాంటిదే ఇదీ.

నేను అడ్డం పడేది ఒక్కచోటే. పొద్దున తాగకపోతే చేతులు అదిరే మనిషి మాల వేసుకుని ఆ రోజే ఆపేస్తే, రెండో రోజు ఫిట్స్ వచ్చేది దేవుడి కోపం వల్ల కాదు. ముందు ఆసుపత్రిలో వారం ఉంచి, తర్వాత మాల వేయించండి. మా తమ్ముడి విషయంలో ఈ వరుస తలకిందులైంది. మాల వేసుకున్న మూడో నాటి రాత్రి నోటి నుంచి నురగ వచ్చి పడిపోయాడు.

సాంబారులో మాత్ర

దీన్ని ఎంచుకోవాల్సిన దారుల్లో రాయకూడదు. అయినా ప్రతి ఊళ్లో ఎవరో ఒకరు చెప్తారు కాబట్టి రాస్తున్నా. డైసల్ఫిరామ్ అనే మాత్ర ఉంది. అది ఒంట్లో ఉండగా మందు తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. ఆ భయంతో మానడానికి డాక్టర్లు ఇస్తారు. తీసుకునే మనిషికి తెలిసి, ఒప్పుకుని, గుండె, లివరు పరీక్షలయ్యాక ఇవ్వాల్సిన మాత్ర. మా మరదలికి ఎవరో రాసిచ్చారు, మెడికల్ షాపులో తెచ్చి పొడి చేసి సాంబారులో కలిపింది. ఆ సాయంత్రం మామూలుగా తాగి వచ్చినవాడు గోడకు ఒరిగి, ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు. బతికాడు. గుండెజబ్బు ఉన్నవాడయితే ఏమయ్యేదో చెప్పలేను. ఆపేసిన తర్వాత కూడా దాని ప్రభావం రెండు వారాల వరకు ఉండొచ్చు. అన్నిటికంటే పెద్ద నష్టం ఇంకొకటి జరిగింది. ఆరు నెలలు ఆమె చేతి అన్నం తినలేదు.

తెలిసి తీసుకునే మందులు వేరే ఉన్నాయి. తాగాలనే యావ తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి ఇస్తారు, లివరు దెబ్బతిన్న వాళ్లకు బాక్లోఫెన్ ఇస్తారు. ఏది ఎవరికి పడుతుందో లివరు, కిడ్నీ రిపోర్టులు చూసి డాక్టరే చెప్పాలి. మనం చేయాల్సింది ఓపీలో 'యావ తగ్గే మాత్ర ఏమైనా ఇస్తారా సార్' అని అడగడం. అడిగితేనే మొదలవుతుంది, చాలాసార్లు. నాటుమందు ఇచ్చేవాళ్ల పొడుల్లో ఏముందో వాళ్లకే తెలియదు, దాని గురించి ఇంతకంటే రాయను.

ఏడాది నిలబెట్టేవి

ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే మాట వినే ఉంటారు, ఏఏ అంటారు. 1935లో అమెరికాలో మొదలైంది. ఫీజు లేదు, రిజిస్టరు లేదు, మానాలనే కోరిక ఉంటే చాలు. మానిన వాళ్లూ మానాలనుకునే వాళ్లూ కలిసి కూర్చుంటారు. ఇంటివాళ్లకు అల్-అనాన్ అని వేరే ఉంది. మీ టౌన్లో ఏఏ మీటింగు ఎక్కడ జరుగుతుందో పునరావాస కేంద్రంలో కౌన్సిలరును అడగండి. పల్లెల్లో ఉన్నవాళ్లకు దీని బదులు ఫోనే దిక్కు. 14416 టెలీ మానస్ నంబరు, 2022 నుంచి ఉంది, తెలుగులో మాట్లాడతారు, రాత్రి పూట కూడా ఎత్తుతారు. మా తమ్ముడు దీన్ని వాడుకున్నది ఒక్కసారే, మానిన అయిదో నెలలో.

అయిదో నెలలో మా పెదనాన్న దినాలు. పదకొండో రోజు అందరూ తాగుతారు, మీకు తెలిసిందే. ఒక క్వార్టరు తాగాడు. రాత్రి ఇంటికి వచ్చి మిద్దె మీద కూర్చుని ఏడ్చాడు. మామూలుగా ఇక్కడే ఇళ్లలో అంతా అయిపోయిందంటారు, తిడతారు, వాడు పూర్తిగా మొదలుపెడతాడు. ఆ రోజు నేను ఫోన్ కలిపి చేతికిచ్చాను. అవతల మాట్లాడిన పిల్ల పావుగంట సేపు వింది. రేపు పొద్దున ఓపీకి పొమ్మంది, పోయాం. డాక్టరు కేసు షీటు మీద ఒక్క మాట రాసుకుని మందు మోతాదు మార్చాడు, అంతే. ఎవరూ వాణ్ని దొంగను చూసినట్టు చూడలేదు. దగ్గరి ఆసుపత్రిని ఎందుకు ఎంచుకోమన్నానో ఆ పొద్దున చూసుంటే మీకూ తెలిసేది.

డబ్బు లెక్క కూడా ఒకసారి వేసుకోండి. 2024 అక్టోబరులో ప్రైవేటు షాపులు తెరిచాక 99 రూపాయలకు క్వార్టరు వచ్చింది. రోజుకు రెండంటే ఏడాదికి 72,270. రాయదుర్గం నుంచి కళ్యాణదుర్గం మీదుగా అనంతపురానికి నెలకు రెండుసార్లు ఇద్దరి బస్సు చార్జీలు అందులో ఎన్నో వంతు కూడా కావు. మద్యనిషేధం గురించి అడిగేవాళ్లకు నా మాట: 1995 జనవరిలో నిషేధం వచ్చింది, 1997లో సడలించారు. అంత కాలం మా ఊరివాళ్లు బళ్లారి వైపు పోయి తాగొచ్చారు. షాపు మూస్తే కొత్తగా నేర్చుకునేవాళ్లు తగ్గుతారేమో గానీ, చేతులు వణికేవాడికి వైద్యం కావాలి. 2019లో బయటికి వచ్చిన ఎయిమ్స్ వాళ్ల దేశవ్యాప్త సర్వే ప్రకారం తాగుడుకు బానిసైన ముప్పై ఎనిమిది మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతోంది.

గంజాయి, పిల్లలు

పదిహేడేళ్ల కొడుకు గంజాయి తాగుతున్నాడని తెలిసిన తల్లులు ఆసుపత్రికి పోవడానికి భయపడతారు, కేసవుతుందని. రోగి వివరాలు బయటికి చెప్పకూడదని చట్టమే ఉంది. మత్తుమందుల చట్టంలో 64ఏ అనే సెక్షను ప్రకారం, కొద్దిపాటి సరుకుతో దొరికిన బానిస తనంతట తాను ప్రభుత్వం గుర్తించిన చోట వైద్యానికి ఒప్పుకుంటే విచారణ నుంచి రక్షణ కూడా ఉంది, మధ్యలో వదిలేస్తే మాత్రం పోతుంది. గంజాయికి మద్యం లాగా ప్రత్యేకమైన మాత్ర లేదు, మాట్లాడించడమే వైద్యం. అందుకని అలాంటి పిల్లలకు పడక ఉన్న చోటు కంటే మంచి కౌన్సిలరున్న ఓపీ నయం. పెద్దవాళ్ల రిహాబ్‌లో పిల్లోణ్ని ఎట్టి పరిస్థితుల్లో వేయొద్దు, అక్కడ నేర్చుకుని వచ్చేవి ఎక్కువ. అమ్మేవాళ్ల గురించి చెప్పడానికి రాష్ట్ర పోలీసు ఈగల్ విభాగం నంబరు 1972 ఉంది. వైద్యానికి ఆ నంబరు కాదు, 14446. ఈ రెండూ కలిపేసుకుని చాలామంది అసలు ఫోనే చేయరు. జూన్ 26న, మత్తుమందుల వ్యతిరేక దినం అని బడుల్లో ర్యాలీ తీస్తారు, అట్టలు పట్టుకుని నడుస్తారు. తప్పని అనను. ఆ ర్యాలీలో నడిచిన పిల్లోడికే ఈ నంబరు తెలియదు, అంతే నా బాధ.

బయలుదేరే రోజు

ఓపీ పొద్దున పూటే కాబట్టి మొదటి బస్సు పట్టుకోండి. ఆధార్, పాత రిపోర్టులు, వాడే షుగరు, బీపీ మాత్రల అట్టలు, మార్చుకోవడానికి రెండు జతల బట్టలు, దుప్పటి, ఫ్లాస్కు పెట్టుకోండి. చేర్చుకుంటారో లేదో పోతే గానీ తెలియదు. తోడు వచ్చేవాళ్లు తాగని వాళ్లై ఉండాలి, మా వాడిని మొదటిసారి తీసుకుపోయిన మా చిన్నాన్న బస్టాండులోనే ఆగిపోయాడు. బస్సు ఎక్కేముందు వాడు ఒక నైంటీ వేసుకుని వచ్చినా తిట్టకండి, మానమని అక్కడే పట్టుపట్టకండి. దారిలో ఫిట్స్ రావడం కంటే అదే నయం. ఎన్ని గంటలకు, ఎంత తాగాడో చీటీ వెనకాల రాసిపెట్టుకోండి. డాక్టరు మొదట అడిగేది అదే.